వేదాద్రి దారిలో నేనన్న మాట

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో ఆయనకి కూడా. దాదాపు పదేళ్ళుగా లోపలే పెట్టుకుని తిరుగుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు కాబట్టి ఇప్పుడు చెప్పగలుగుతున్నాను. పేరు అడగకండి. జగ్గయ్యపేటలో ఒక బళ్ళో సైన్సు పాఠాలు చెబుతాను. అంతవరకు చాలు.

నేను చేసింది అంత పెద్ద నేరమేమీ కాదని ఒక్కోసారి నాకు నేనే సర్దిచెప్పుకుంటాను. ఎవరి ప్రాణమూ పోలేదు. విరిగిన చెయ్యి కూడా అతుక్కుంది. మరి అలాంటప్పుడు, వీధిలో ఎవరైనా సైకిలు తొక్కకుండా నడిపించుకుంటూ పోతుంటే వచ్చే ఆ టిక్ టిక్ చప్పుడుకి నేనెందుకు పక్క సందులోకి తప్పుకుంటాను?

అప్పట్లో మా ఊళ్ళో గేర్ల సైకిలంటే వింత. అందులోనూ ఆడవాళ్ళు తొక్కడమంటే ఇంకా వింత. మేం నలుగురం. బ్యాంకులో పనిచేసే ప్రసాద్ గారు, మందుల షాపు శ్రీను, నేను, సుజాత. సుజాత సిమెంటు ఫ్యాక్టరీ ఆఫీసులో అకౌంట్స్ చూసేది. నాకంటే ఏడెనిమిదేళ్ళు చిన్నది. నన్ను అక్కా అనేది. ఏదో వరసకి అనడం కాదు, నిజంగానే అలా అనుకునేది. ఆదివారం తను చర్చికి వెళ్ళాలి కాబట్టి మా రైడు శనివారం పెట్టుకున్నాం. తెల్లవారుతుండగా బయల్దేరి గరికపాడు దాకా వెళ్ళి, చెక్‌పోస్టు దగ్గర లారీల మధ్య నిలబడి టీ తాగి, ఎండెక్కకముందే ఇంటికి వచ్చేవాళ్ళం. చున్నీలు నడుముకి గట్టిగా కట్టుకునేవాళ్ళం. ప్యాంటు అంచు చైనులో పడకుండా కుడికాలికి జుట్టు రబ్బరు బ్యాండు వేసుకునేవాళ్ళం. ఎదురుగాలిలో మేం ముగ్గురం రొప్పుతుంటే సుజాత మాత్రం పాడుతూ తొక్కేది. ఇప్పటికీ ఆ రోడ్డు మీద బస్సులో వెళుతుంటే చెవి అటే పోతుంది.

ఆ సైకిలు తొక్కడానికి ఆమె ఇంట్లో ఎంత పోరాడిందో నాకు తెలుసు. అత్తగారు వారం రోజులు మాట్లాడలేదట. అయినా తగ్గలేదు.

సైకిళ్ళ బాగోగులన్నీ నావి. గేర్లు సర్దేవాళ్ళు అప్పుడు ఊళ్ళో ఎవరూ లేరు. నేనే ఫోనులో వీడియోలు చూసి ఒక్కొక్కటీ నేర్చుకున్నాను. శుక్రవారం సాయంత్రమైతే మా దొడ్డి నిండా సైకిళ్ళే. హైవే మీద తిరిగొస్తే చైనుకి సిమెంటు దుమ్ము పట్టి, నూనెతో కలిసి నల్లటి ముద్దయ్యేది. కిరసనాయిల్లో ముంచిన పాత టూత్ బ్రష్షుతో దాన్ని రుద్ది, గుడ్డతో తుడిచి, ఒక్కో లింకు మీద ఒక్కో చుక్క నూనె వేసేదాన్ని. ట్యూబు బకెట్లో ముంచి బుడగలెక్కడొస్తున్నాయో చూసేదాన్ని. చేతులకంటిన ఆ వాసన శనివారం వంటచేస్తున్నా పోయేది కాదు. నాకది చిరాకనిపించలేదు. ప్రసాద్ గారు నన్ను “డాక్టరు గారూ” అని పిలిచేవారు. ఆ పిలుపంటే నాకెంత ఇష్టమో ఇప్పుడు చెప్పడానికి సిగ్గుగా ఉంది. బళ్ళో పాతికేళ్ళు పాఠం చెప్పినా రాని గౌరవమేదో నాలుగు పానాలు పట్టుకుంటే వచ్చినట్టు ఉండేది.

ఒక శుక్రవారం సుజాత నడుం నొప్పంది. హ్యాండిల్ అందుకోవడానికి మరీ ముందుకు వంగాల్సివస్తోందని నాకు ముందే అనుమానం. హ్యాండిల్‌ని సైకిలుకి పట్టి ఉంచే స్టెమ్ అనే ముక్క ఉంటుంది. దాన్ని తీసి, ముందే తెప్పించి ఉంచిన కాస్త పొట్టిది బిగిస్తున్నాను. దానికి పక్కన రెండు బోల్టులు. అవి గట్టిగా ఉంటేనే హ్యాండిల్ తిప్పినప్పుడు చక్రం తిరుగుతుంది. ముందు వేళ్ళతో తిప్పి ఉంచాను, హ్యాండిల్ చక్రానికి తిన్నగా ఉందో లేదో చూసుకుని తర్వాత ఎలన్ కీ పానాతో బిగిద్దామని. ఇంతలో బడి నుంచి ఫోను. పరీక్షల డ్యూటీల గురించి. మాట్లాడి వచ్చేసరికి సుజాత టీ పెట్టింది. తాగుతూ కబుర్లలో పడ్డాం. తర్వాత సైకిలంతా తుడిచాను, గాలి చూశాను, బెల్లు సరిచేశాను. బోల్టుల మాట మర్చిపోయాను.

మామూలుగా చక్రాన్ని మోకాళ్ళ మధ్య పట్టుకుని హ్యాండిల్ మెలితిప్పి చూసేదాన్ని. ఆ రోజు అదీ చెయ్యలేదు. మరుపు ఎవరికైనా వస్తుంది. అంతవరకైతే ఇదంతా మీకు రాయక్కర్లేదు.

మర్నాడు వేదాద్రి వెళుతున్నాం. మగవాళ్ళిద్దరూ ముందు వెళ్ళిపోయారు. సుజాత వెనకాలే నేను. ఊరు ఇంకా కొంచెం దూరముందనగా రోడ్డు పల్లంలోకి దిగింది. పక్కనున్న మిరపచేలోంచి ఒక మేక రోడ్డు మీదకొచ్చింది. సుజాత హ్యాండిల్ తిప్పింది. హ్యాండిల్ తిరిగింది. చక్రం తిరగలేదు. నేను కళ్ళారా చూశాను. సైకిలు తిన్నగా పోయి రోడ్డంచున రాళ్ళలో పడింది. దానితోపాటు ఆమె.

దిగి పరిగెత్తాను. లేపి కూర్చోబెట్టాను. నీళ్ళు తాగించాను. ఎడమచెయ్యి పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని మూలుగుతోంది. అప్పుడు సైకిలు వైపు చూశాను. హ్యాండిల్ ఒకవైపు, చక్రం ఒకవైపు. ఒక్క క్షణంలో అంతా అర్థమైంది. రోడ్డు మీద దూరంగా ప్రసాద్ గారూ శ్రీనూ వెనక్కి తిరిగి వస్తూ కనిపిస్తున్నారు.

నేనేం చేశానో తెలుసా? చక్రాన్ని మోకాళ్ళ మధ్య పట్టుకుని హ్యాండిల్ తిన్నగా తిప్పాను. నా సంచిలోంచి ఎలన్ కీ తీసి రెండు బోల్టులూ బిగించాను. చేతులు వణకలేదు. అదే నాకిప్పటికీ భయం. పక్కన మనిషి నొప్పితో మూలుగుతుంటే నా చేతులు ఏమాత్రం వణకకుండా ఎలా పనిచేశాయి?

సుజాత కళ్ళు తెరిచింది.

“ఏమైందక్కా? నేను తిప్పానే... తిరగలేదేంటి?”

“భయంలో అలా అనిపిస్తుందిలే.”

“బ్రేకు గానీ గట్టిగా పట్టేసానా?”

ఇక్కడ నేను ఊరుకోవచ్చు. తెలియదు అనొచ్చు. ఆమే ఆ మాట అందించింది, నేను అందుకున్నాను.

“పట్టేసావు. ముందు బ్రేకు అంత గట్టిగా నొక్కొద్దని ఎన్నిసార్లు చెప్పా సుజాతా?”

“సారీ అక్కా” అంది.

అంత నొప్పిలో నాకు సారీ చెప్పింది. ప్రసాద్ గారు వచ్చి ఏం జరిగిందని అడిగితే తనే ముందుగా, నాదే తప్పండి, బ్రేకు నొక్కేసా అని చెప్పింది. నేను తలూపాను.

మోచేతి దగ్గర విరిగింది. విజయవాడలో ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు. ఆసుపత్రిలో ఆమె భర్త నాకు దణ్ణం పెట్టాడు, మీరు పక్కనుండబట్టి సరిపోయింది మేడం అని. అత్తగారు ఇక సైకిలు మాటెత్తొద్దన్నారు. అంతకుముందైతే సుజాత వాదించేది. ఈసారి వాదించలేదు. వాదించాలంటే తన మీద తనకి నమ్మకం ఉండాలి కదా. ఆ నమ్మకాన్ని నేను ఒక్క మాటతో తీసేశాను. కొన్నాళ్ళకి ఆమె తమ్ముడు వచ్చి మా దొడ్లోనే ఉండిపోయిన ఆ సైకిలు పట్టుకెళ్ళాడు. ఇచ్చేముందు నేనే సర్వీసు చేశాను. బోల్టులు మళ్ళీ మళ్ళీ చూశాను. ఇక ఎవరి కోసం?

తర్వాత వాళ్ళు నందిగామ వెళ్ళిపోయారు. శ్రీను మోటార్ సైకిలు కొనుక్కున్నాడు. శనివారాలు మామూలు శనివారాలైపోయాయి.

మొన్నామధ్య నందిగామలో తెలిసినవాళ్ళ పెళ్ళికి వెళితే సుజాత కనబడింది. నన్ను వదల్లేదు, పక్కనే కూర్చోబెట్టుకుని వడ్డించింది. అక్కడ ఇద్దరు కుర్ర టీచరమ్మలున్నారు. వాళ్ళూ సైకిళ్ళు తొక్కుతారట. నువ్వూ రా ఆంటీ అన్నారు సుజాతతో. ఆమె పకపకా నవ్వింది. “అమ్మో, నాకొద్దమ్మా. నాకు బ్రేకు పట్టడమే రాదు” అని చెంచాని బ్రేకులా పట్టుకుని, మేక ఎలా వచ్చిందో, తనెలా పడిందో నటించి చూపించింది. “ఇదిగో, మా అక్క ఎన్నిసార్లు చెప్పిందో! వింటేగా!” అని నా భుజం మీద చెయ్యేసింది. ఆ ఎడమచెయ్యే. ఇప్పటికీ పూర్తిగా చాపలేదు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

నా అబద్ధాన్ని ఇన్నేళ్ళూ ఆమే మోస్తోంది. పైగా నలుగురినీ నవ్విస్తూ. ఎంతమందికి అలా చెప్పుకుని ఉంటుంది?

ఇంటికొచ్చాక ఫోను చేశాను. చెప్పేద్దామనే చేశాను. “ఏంటక్కా, ఇంటికి చేరావా?” అంది. చేరాను అన్నాను. ఈసారి క్రిస్మస్‌కి కేకు ఎప్పుడు పంపిస్తావని అడిగి పెట్టేశాను.

చెబితే ఏమంటుంది? పోనీలే అక్కా అంటుందేమో. అలా అంటే నేను భరించలేను. అనకపోతే ఆ అక్కా అనే పిలుపు పోతుంది. అదీ భరించలేను. ఎటు చూసినా నా గురించే ఆలోచిస్తున్నాను, గమనించారా? ఆ రోడ్డు పక్కన కూడా అంతే, ఆమె చెయ్యి గురించి కాదు, నన్ను డాక్టరు గారు అనే ఆ మాట గురించే ఆలోచించాను. రేపైనా నందిగామ బస్సెక్కుతానని మీకు మాటివ్వలేను. ఇచ్చి తప్పితే అది ఇంకో అబద్ధం.

అందుకే ఇక్కడ, మీకైనా, తిన్నగా రాస్తున్నాను. ఆ శుక్రవారం ఆ బోల్టులు బిగించనిది నేను. శనివారం వాటిని దొంగతనంగా బిగించిందీ నేనే. సుజాత హ్యాండిల్ సరిగ్గానే తిప్పింది. బ్రేకు సరిగ్గానే పట్టింది.

ఎంత చిన్న వాక్యాలో చూడండి. ఇన్నేళ్ళూ ఇవే నా నోరు దాటలేదు. ఇప్పుడు రాస్తుంటే చెయ్యి వణుకుతోంది. వణకనీ.