‘చిల్లర లేదు’ క్యాసెట్టు, దాని రసజ్ఞులు

వరంగల్లు కాశిబుగ్గలో కండక్టర్ కొమురెల్లి గొంతు తెలియనివాళ్లు లేరు. నర్సంపేట బస్సులో ఆయన “ముందుకు జరగాలె” అని అరిస్తే, సీట్ల మధ్య పడుకున్న మేక కూడా లేచి జరిగేది. డ్యూటీ దిగి ఇంటికి వచ్చాక అదే గొంతుతో పాటలు పాడేవాడు. పాటలు సొంతంగా కట్టుకునేవాడు, మీటలు నొక్కి తీగలు మీటే బుల్‌బుల్ వాద్యం సొంతంగా వాయించుకునేవాడు. మెచ్చుకోవడం కూడా చాలాకాలం సొంతంగానే కానిచ్చాడు.

ఆ పాటల్లో వెన్నెల లేదు, ప్రేమ లేదు, దేవుడు లేడు. టిక్కెట్టు అడిగితే నిద్ర నటించే పెద్దమనిషి, కిటికీ పక్క సీటు కోసం తిట్టుకునే వియ్యపురాళ్లు, అత్తగారింటికి పోతూ దారిపొడుగునా వాంతులు చేసుకునే కొత్త పెళ్లికొడుకు, వీళ్లే ఉండేవారు.

“బస్సుల లొల్లి బస్సుల్నే ఇడిసిపెట్టి రారాదు? మళ్ల ఇంటిదాక ఎందుకు మోసుకొస్తవు?” అనేది భార్య మల్లక్క.

1982లో కొమురెల్లి హైదరాబాదు వెళ్లి, ఒక ఇరుకు గదిలో నడిచే స్టూడియోలో తన పాటలన్నీ పాడి క్యాసెట్టు చేయించుకున్నాడు. పేరు ‘చిల్లర లేదు’. అట్ట మీద కండక్టర్ బట్టల్లో, ఒళ్లో బుల్‌బుల్‌తో తన ఫోటో వేయించాడు. అచ్చువేసినవాడికి ఖాకీ రంగు కుదరక గులాబీ రంగు వేశాడు. కొమురెల్లికి అదీ బాగానే అనిపించింది.

హనుమకొండ చౌరస్తాలో రికార్డింగ్ సెంటర్ నడిపే రాజేశ్వర్ రావు మొహమాటానికి ఒక పెట్టెడు క్యాసెట్లు షాపులో పెట్టుకున్నాడు. కొన్నాళ్లు వాటిమీద దుమ్ము పడింది. తర్వాత ఉన్నట్టుండి అమ్ముడుపోవడం మొదలైంది. సంగతి తెలిసి కొమురెల్లి ఉరికి వచ్చాడు.

“రావు సాబ్, జనం మెచ్చుకుంటాండ్రా?”

“మస్తు మెచ్చుకుంటాండ్రు.”

“ఏ పాట?”

“పాట కాదు, టేపు. నీ క్యాసెట్ల టేపు ఫస్ట్ క్లాస్ ఉన్నది. ఖాళీ క్యాసెట్ల కంటె ఇదే నయమని తీసుకపోతాండ్రు. రికార్డు కాకుండ పైన ఉండే బొక్కలకు కాగితం అతికిస్తే సాఫ్‌గ సినిమా పాటలు ఎక్కుతాన్నయి.”

కొమురెల్లి పెట్టెలోంచి ఒక క్యాసెట్టు తీసి అటూఇటూ తిప్పి చూశాడు. “మరి నా పాటలు ఏమైతయి?”

రాజేశ్వర్ రావు వ్యాపారస్తుడు. ఎదుటివాళ్ల మనసు నొప్పించే అలవాటు లేదు. “ఏమైతయి? కిందనే ఉంటయి. వాటి మీద సినిమా పాటలు ఉంటయి,” అన్నాడు.

కొమురెల్లి ఇంటికొచ్చి అదే మాట మల్లక్కకు చెప్పాడు. ఆమె నవ్వింది గానీ, కింద పాటలేమీ మిగలవని విడమర్చి చెప్పలేదు.

నాలుగేళ్లు అలాగే గడిచాయి. ఒక సాయంత్రం కాలేజీలో తెలుగు చెప్పే నర్సయ్య సారు పడక కుర్చీలో వాలి సినిమా పాటలు వింటున్నాడు. చివరి పాట అయిపోయింది. ఆపడానికి బద్ధకించాడు. టేపు ఇంకా తిరుగుతూనే ఉంది. గరగరమని చప్పుడు, ఆ వెంటనే ఒక ముక్కు గొంతు:

“మర్చిపోయి దిగినోనికి మళ్ల బస్సు లేదు,
ఎనుకకు తిరిగి చూడకురో, ఎవ్వడు తెచ్చియ్యడు.”

సారు కుర్చీలోంచి లేచి, క్యాసెట్టు అట్ట మీద పాడిందెవరో చూశాడు. ఆ వారమే పత్రికలో వ్యాసం రాశాడు. బస్సు అంటే జీవితమట, దిగడం అంటే మరణమట. ఇంతటి తాత్వికుణ్ని మనమధ్య ఉంచుకుని గుర్తించని పాపం వరంగల్లుదేనట.

పాపం తమమీదికి వచ్చేసరికి వరంగల్లు పెద్దమనుషులు తమతమ క్యాసెట్ల చివర్లు వెతుక్కున్నారు. అప్పట్లో ఊరంతా ఒకే సినిమా పాటలు రికార్డు చేయించుకుంది కాబట్టి, అందరికీ మిగిలింది అదే సగం పాట. ‘రసజ్ఞ శ్రోతల సంఘం’ పుట్టింది. ఆదివారాలు ఎవరో ఒకరి ఇంట్లో కూడేవారు. సినిమా పాటలను గిరగిరా ముందుకు తిప్పేసి, ఆ చివరి ముక్క విని, కళ్లు మూసుకుని ఉప్మా వచ్చేదాకా తెరిచేవారు కాదు. పాటను ఏకంగా మధ్యలో ఎత్తుకోవడం గొప్ప సాహసమని ఒకరు, మొదటినుంచీ ఈయన సంగతి నాకు తెలుసని ఒకరు అనేవారు. మొదటినుంచీ తెలిసిన మనిషి క్యాసెట్టు మీద సినిమా పాటలు ఎందుకు ఎక్కించుకున్నాడని మాత్రం ఎవరూ అడగలేదు. అడిగితే అందరూ చెప్పాల్సి వచ్చేది.

సన్మానం పెట్టారు. కొమురెల్లి ఖాకీ బట్టలు ఇస్త్రీ చేయించుకుని వెళ్లాడు. మల్లక్క పట్టుచీర కట్టుకుని ముందు వరసలో కూర్చుంది. శాలువా కప్పారు. నర్సయ్య సారు చాలాసేపు మాట్లాడాడు. వింటున్నకొద్దీ కొమురెల్లి కుర్చీలో వెడల్పవుతూ పోయాడు. చివరికి పాడమన్నారు. బుల్‌బుల్ ఒళ్లో పెట్టుకుని, పాటను మొదటినుంచి ఎత్తుకున్నాడు:

“సంతల కొన్న సొరకాయ, సక్కని లేత సొరకాయ,
సీటు కింద పెడితివి, సోయి లేక దిగితివి...”

పాట అయ్యాక నర్సయ్య సారు గొంతు సవరించుకున్నాడు.

“కొమురెల్లిగారూ, ఈ సొరకాయను ఇప్పుడు కొత్తగా చేర్చారా?”

“లే సార్. మొదటిసంది సొరకాయనే.”

“అంటే, దేహానికి ప్రతీకగానా?”

“కూరకు సార్.”

వెనక కూర్చున్నవాళ్లు నవ్వారు, ముందు కూర్చున్నవాళ్లు నవ్వలేదు. తర్వాతి ఆదివారం సంఘం సమావేశమై, ఈ పాట రెండో సగం నుంచే మొదలవుతుందని తీర్మానం చేసింది. నర్సయ్య సారు ఇంకో వ్యాసం రాశాడు. కొందరు కవులకు తమ పాట తమకే అర్థం కాదని అందులో విచారపడ్డాడు.

ఆ వ్యాసం చదివాక కొమురెల్లి బుల్‌బుల్‌ను అటక మీద పెట్టేశాడు. ఇంట్లో పాట లేదు. కొన్నాళ్లకు మల్లక్కే అడిగింది, “ఏందయ్యా, గొంతు పోయిందా?” అని.

ఆ ఎండాకాలం ఆయనను తొర్రూరు బస్సుకు మార్చారు. మొదటి రోజు తొర్రూరులో దిగి, బస్టాండు ఎదురుగా ఉన్న భద్రమ్మ హోటల్లోకి చాయకు పోయాడు. లోపల టేపు రికార్డరులో ‘చిల్లర లేదు’ పాడుతోంది. మొదటి పాట నుంచి, వరసగా, సినిమా పాట ఒక్కటీ లేకుండా. కొమురెల్లి చేతిలో చాయ చల్లారిపోయింది.

“గిదే క్యాసెట్ పెట్టినవేంది అవ్వా?” అన్నాడు చివరికి.

“దీని రికార్డు బటన్ ఇరిగిపోయింది బిడ్డా. ఉన్నదే ఇనాలె,” అంది భద్రమ్మ. “రోజు ఇంటానం గద, అలవాటైంది. ఆ వాంతుల పెండ్లికొడుకు పాట ఒచ్చినప్పుడు మాత్రం బంద్ చేస్తం. తినేటోళ్లుంటరు.”

“సొరకాయ పాట?”

“అది మంచిగుంటది. కాని ఆ సొరకాయ ఏమైందో చెప్పలే. కండక్టరే తీస్కపోయి వండుకున్నడని మా అందరి అనుమానం.”

బల్లల దగ్గర కూర్చున్నవాళ్లు అవునన్నారు. ఒకాయన మాత్రం డ్రైవరే తీసుకున్నాడన్నాడు. దానిమీద వాళ్లలో వాళ్లకు మాట పెరిగింది.

“డ్రైవర్ కాదు,” అన్నాడు కొమురెల్లి. “కండక్టరే. పప్పుల ఏసి వండుకున్నడు.”

“నీకెట్ల ఎరుక?”

ఆయన బల్ల మీదున్న క్యాసెట్టు అట్ట చూపించాడు. భద్రమ్మ అట్టను చూసింది, మనిషిని చూసింది.

“ఫోటోల జర నయమున్నవ్,” అంది. “మరి ఆ మర్చిపోయి దిగినోని కాయ నువ్వు తింటివి గద, మళ్ల కనబడితే ఇంకోటి కొనిచ్చినవా?”

బయట డ్రైవరు హారన్ కొడుతున్నాడు. కొమురెల్లి లేవలేదు. కొనివ్వలేదని ఒప్పుకున్నాడు, ఎందుకు ఇవ్వలేకపోయాడో చెప్పబోయాడు, ఎవరూ నమ్మలేదు. బస్సు ఆలస్యంగా కదిలింది.

సంఘం మరుసటి ఏడాదికి ఒక పిల్లనగ్రోవి విద్వాంసుణ్ని కనిపెట్టి అటు తిరిగింది. కొమురెల్లి మళ్లీ క్యాసెట్టు చేయలేదు. బుల్‌బుల్‌ను అటక మీది నుంచి దించి, రిటైరయ్యేదాకా తొర్రూరు డ్యూటీయే అడిగి వేయించుకున్నాడు. కొత్త పాట కట్టినప్పుడల్లా భద్రమ్మ హోటల్లో పాడేవాడు. నచ్చకపోతే ఆమె గిన్నెలు తోమడం మొదలుపెట్టేది. ఆ చప్పుడు ఎక్కడ మొదలైతే పాటను అక్కడికి కోసేసుకుని, ఇంకో చాయ చెప్పేవాడు.