రమతూవ అంటే ఎవరు?

అంత్సిరాబే ఊళ్ళో బకూలిని "గిన్నెలు తోమే పంతులమ్మ" అని ఎకసెక్కం చేసినవాళ్ళకి లెక్కలేదు. అందులో మొదటి మనిషి సొంత ఆడపడుచు సహూంద్ర. అననీ, అనేవాళ్ళ నోరు ఎవరు మూస్తారు? తెల్లవాళ్ళకి ఆ దేశపు భాష మలగాసీ నేర్పే బడిలో బకూలి వంటమనిషే. అయినా పదకొండేళ్ళుగా అక్కడికొచ్చిన ప్రతి దొర నోటా మొదటి మాట పలికించింది ఆవిడే గానీ, పైగదిలో కోటేసుకుని నల్లబల్ల ముందు నిలబడ్డ పెద్దమనుషులు కాదు.

ఆవిడది మొండి పద్ధతి. వంటింటి బల్ల మీద కప్పులు వరసగా పెట్టేది. మాట సరిగ్గా పలికితేనే కప్పు చేతికొచ్చేది, లేకపోతే గొంతు ఎండినా సరే, లేదు. నీళ్ళని అక్కడ "రాను" అంటారు. పిలిచినా రానంటుందేమిటని మనకి నవ్వొస్తుంది గానీ, వాళ్ళకి అదే ప్రాణాధారం. అన్నం గిన్నె అడుగున మాడిన పెచ్చు మీద నీళ్ళు పోసి కాచింది "రానువూల". పాలు "రునూను". టీ "దిటే". సారాని "తూక" అంటారని చెప్పేది గానీ పోసేది కాదు.

"రునూను అను పిల్లా, ముక్కుతో కాదు, నోటితో," అని గదమాయించేది. చలికి వణుకుతూ ఆ దొరసానులు పదిసార్లు అనేవాళ్ళు. తప్పు మాట ఒక్కటి కూడా ఆ వంటింటి గడప దాటిపోలేదు.

పెద్దవాళ్ళని పేరు పెట్టి పిలవడం అక్కడ మర్యాద కాదు. అందుకని మొదటిరోజే, "నన్ను రమతూవ అను," అని చెప్పేది. సంసారం ఈదిన ఇల్లాలిని నలుగురూ గౌరవంగా పిలిచే పిలుపది. వాళ్ళు "రమతూవ" అన్నప్పుడల్లా బకూలి నడుం కాస్త నిటారుగా నిలబడేది.

ఆ బడి ఆఫీసులో తాహిన అనే కుర్రాడు గుమాస్తా. ఒక వానాకాలమంతా నోటుపుస్తకం పట్టుకుని వంటింట్లోనే కూర్చున్నాడు. "పిన్నీ, నువ్వు నేర్పే మాటలన్నీ పుస్తకం వేస్తున్నాం. అట్ట మీద మనిద్దరి పేర్లూ ఉంటాయి. ఆ తరవాత పైగదిలో కుర్చీ నీదే, బడి పెద్దాయన మాటిచ్చాడు," అన్నాడు. పిచ్చిది, నమ్మింది. పైగదిలోకి కప్పుకెళ్ళడానికి తెల్ల శాలువా ఒకటి కొనుక్కుంది. సహూంద్రకి చూపించింది కూడాను.

పుస్తకం వచ్చింది. అట్ట మీద తాహిన పేరొక్కటే ఉంది. లోపల ఎక్కడైనా వేశారేమోనని బకూలి వేలు పెట్టుకుని వెతికింది. నాలుగో పేజీలో ఆవిడ కప్పులన్నీ ఉన్నాయి, ఆవిడ పెట్టిన వరసలోనే. కింద "రమతూవ, కాసిని నీళ్ళు" అని ఒక వాక్యం. రమతూవ పక్కన దొరల భాషలో అర్థం రాసి ఉంది. ఆ ఒక్క మాట ఆవిడకి బాగా తెలుసు. చిన్నప్పుడు తల్లిని ఆ మాటతోనే కేకేసేవాళ్ళు దొరలు. పనిమనిషి అని.

పుస్తకం పట్టుకుని తిన్నగా తాహిన దగ్గరికెళ్ళింది.

"మీ అమ్మని మీ వీధిలో ఏమని పిలుస్తార్రా?"

"రమతూవ అనే పిన్నీ. ఏం?"

"ఎవరింట్లో పాచిపని చేస్తోంది ఆవిడ?"

తాహిన కాగితాలు సర్దుకోవడం మొదలెట్టాడు. "దొరలకి అలాగే అర్థమవుతుంది పిన్నీ. వాళ్ళ తాతల కాలం నుంచీ వాళ్ళిళ్ళల్లో ఆ మాటకి అదే అర్థం. నేనేం కొత్తగా పుట్టించానా?"

"తెలిసే రాశావన్నమాట."

"పెద్దాయన అలాగే ఉంచమన్నాడు."

"నా పేరో?"

"వంటావిడ పేరుంటే పుస్తకానికి విలువుండదన్నారు."

బకూలి పుస్తకం చంకలో పెట్టుకుని బయటికొచ్చేసింది. కోపం వాడి మీద కూడా కాదు. పదకొండేళ్ళుగా వాళ్ళు పనిమనిషీ, పనిమనిషీ అని కేకేస్తుంటే, తను నడుం నిక్కించి ఊఁ కొట్టింది. పిలవమని నేర్పింది కూడా తనే. ఆ సిగ్గుకి తల కొట్టేసినట్టయింది.

ఇంటికెళ్ళాక సహూంద్ర ఊరుకుంటుందా? "ఏం వదినా, కుర్చీ ఎప్పుడెక్కుతున్నావు?" అంది.

"కుర్చీకి కాలు విరిగింది," అని లోపలికి పోయింది బకూలి.

సోమవారం పొద్దున ఒక కొత్త దొరసాని పిల్ల వంటింట్లోకి వచ్చింది. చేతిలో ఆ పుస్తకమే. బల్ల మీద కప్పులేమీ లేవు. ఆ పిల్ల బుట్టలోని నారింజపళ్ళ వైపు చూసి, కళ్ళు మూసుకుని గుర్తు తెచ్చుకుని, "రమతూవ, ఒక గ్లాసు రానుమాసు," అంది.

పళ్ళరసానికి మాట వేరే ఉంది, ఇంచుమించు ఇలాగే మొదలవుతుంది. రానుమాసు అంటే కన్నీళ్ళు. మొన్నటిదాకా అయితే బకూలి ఆ పిల్లని అక్కడే నిలబెట్టి, పదిసార్లు అనిపించి గానీ వదిలేది కాదు. ఇప్పుడు తప్పు దిద్దకుండా రెండు నారింజలు పిండి, గ్లాసు చేతికిచ్చింది.

ఆ పిల్ల మొహం విప్పారింది. "సరిగ్గా అడిగానా?"

"చక్కగా అడిగారు దొరసానీ," అంది బకూలి. "బజార్లో కూడా ఇలాగే అడగండి."