బాపు విప్పిన తెర

మా సైన్స్ సారు మంగళవారం పొద్దున చనిపోయారు. మధ్యాహ్నానికల్లా బస్టాండు దగ్గర ఫ్లెక్సీ వెలిసింది. ‘విజ్ఞాన దీపం ఆరిపోయింది’ అని రాయించారు. రాయించినవాళ్లే ఒకప్పుడు ఆ దీపాన్ని ఊదారు. ఆ సంగతి దాచి ఆయనను తలచుకోవడం నాకు చేతకాదు.

గ్రహణం పూట మా ఊళ్లో పొయ్యి వెలగదు. సారు మాత్రం బడి వాకిట్లో నిలబడి, అందరికీ కనబడేలా అటుకులు తినేవారు. "నా మాట గూడ నమ్మకుండ్రి. రేపు నేను బడికొస్తె నమ్ముండ్రి" అనేవారు. మరునాడు అందరికంటే ముందే వచ్చేవారు.

నేను తొమ్మిదిలో ఉండగా కరీంనగర్ నుంచి ప్రొజెక్టర్ తెచ్చి ఒక సినిమా వేశారు. పాత కాలపు కథ. భూమే సూర్యుడి చుట్టూ తిరుగుతుందన్నందుకు ఒక ముసలాయనను మతపెద్దలు విచారిస్తారు. మాకు ఆ భాష రాదు. సారు తెర పక్కన నిలబడి మన మాటల్లో చెప్తున్నారు. తెర మా నాన్న ఇచ్చిన తెల్లబట్ట. నాన్నను మేం బాపు అంటాం. బాపు సాంచా, అంటే మరమగ్గం, నడుపుతాడు.

ముసలాయనను మోకాళ్ల మీద కూర్చోమంటుండగా పెద్దమనుషులు లోపలికొచ్చారు. అందులో బాపు పనిచేసే సాంచాల సేటు ఒకడు. అతని వెనక బాపు.

"ఏం సారూ, దేవుడు లేడని చెప్తున్నవట?"

"దేవుని ముచ్చట నేను తియ్యలే. భూమి తిరుగుతదన్న."

"తిరిగితె నా సాంచాలెందుకు కూలుతలేవు?" అన్నాడు సేటు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

సేటు బాపు వైపు చూశాడు. "బట్ట నాది సారూ" అంటూ బాపు ముడులు విప్పాడు. సారు అవతలి కొస పట్టుకుని, చక్కగా మడిచి చేతికిచ్చారు. ముసలాయన ముఖం సున్నం రాలిన గోడ మీద పడింది. ఎవరో వైరు పీకేశారు.

ముసలాయనకు తర్వాత ఏమైందని మరునాడు సారును అడిగాను. "మోకరిల్లిండు బిడ్డా. భూమి ఆగలే" అన్నారు. ఇక సినిమాలు వేయనని ఆ పెద్దమనుషులు సారుతో కాగితం రాయించుకున్నారని తర్వాత తెలిసింది.

మొన్న శవం మీద దండ వేసి, "గసుంటి మనిషి మళ్ల పుట్టడు" అన్నాడు సేటు. పుట్టకూడదనే కదా మీరు అంత తిప్పలు పడ్డది! ఆ మాట అక్కడ నోటికి రాలేదు. ఇక్కడ రాస్తున్నాను.

పోయినవారి మీద కప్పడానికి బాపు కొత్తబట్ట తెచ్చాడు. తను నేసిందే.

"అవతలి కొస పట్టు బిడ్డా."

"అప్పుడు సారు పట్టిండు గదా."

"పట్టిండు" అన్నాడు బాపు, తల ఎత్తకుండా.

పట్టుకున్నాను. కోపం పోలేదు. సారు మీదికి దించేముందు, ఎండలో ఆ బట్ట మా ఇద్దరి మధ్య తెరలా బిగుసుకుంది. దాని మీద ఏ బొమ్మా లేదు.