దేవపాలు చూపించిన మునక ఊరు

గండికోటకు ఫలానా సీజను అంటూ ఏమీ లేదు. చలికాలం గుడారాలు వేసుకుని సూర్యోదయం చూసేవాళ్లు వస్తారు. వానాకాలం లోయ నిండా నీళ్లు చూసేవాళ్లు వస్తారు. మండుటెండల్లో ఎవరొస్తారులే అనుకుంటే, అప్పుడూ బెంగళూరు పిల్లలు టోపీలు పెట్టుకుని దిగుతారు. జమ్మలమడుగు బస్టాండులో వాళ్లను పట్టి ఆటో ఎక్కించుకునేవాడు దేవపాలు. దారిలో ద్రాక్షతోట దగ్గర ఆపి పందిరి కింద ఫోటోలు తీయించి, గుత్తులు కొనిపించి, కోటంతా తిప్పి తెస్తాడు. యాభై దాటిన మనిషి, మహా మాటకారి. అతని ఆటో డీజిలుతో కాదు, నోటితో నడుస్తుందని తోటివాళ్లు ఎగతాళి చేసేవారు.

ద్రాక్షతోట దగ్గర అతనికి భార్య రెబెకా గుర్తొచ్చి తీరేది. కొండాపురం వైపు వాళ్ల సొంత ఊళ్లో, ఇంటి ముందు ద్రాక్షపందిరి ఉండేది. ఆ కాయలు పిండి, కాచి, ఆదివారం చర్చిలో ప్రభువు బల్లకు రసం ఆమే ఇచ్చేది. విషజ్వరం వచ్చి ఆమె చనిపోయింది. మరుసటి ఏడే రిజర్వాయరు నీళ్లొస్తాయి, ఊరు ఖాళీ చేయమన్నారు. జనం సామాన్లతోపాటు తమవాళ్ల సమాధులూ తవ్వి, ఎముకలను కొత్తగుడ్డలో మూటగట్టి, ప్రభుత్వం ఇచ్చిన కాలనీకి తెచ్చి మళ్లీ పూడ్చుకున్నారు. దేవపాలు తవ్వలేదు. ఏడాదికే తవ్వితే ఆ రూపం చూడలేవు, ఎముకలు శుభ్రం కానివ్వమని పెద్దలన్నారు. నీళ్లు అంతదూరం రావడానికి ఇంకో రెండేళ్లయినా పట్టవా అని అతనూ అనుకున్నాడు. ఆ వానలకే వచ్చేశాయి.

ఆ తప్పును కూతురు సుజాత మన్నించలేదు. ప్రొద్దుటూరులో నర్సుగా చేస్తోంది. ఈస్టరు తెల్లవారుజామున అందరూ తమవాళ్ల సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగించి పాడుతుంటే, తను చేతులు కట్టుకుని నిలబడాలా అని ఆ పండక్కి కాలనీకి రావడమే మానేసింది.

ఈ ఏడు ఎండలు ముదరకముందే నీళ్లు బాగా వెనక్కి పోయాయి. చర్చి మొండిగోడలు, వాటి వెనక శ్మశానం బయటపడ్డాయి. సుజాతే ఫోన్ చేసింది. ఈస్టరుకు వస్తాను, ఇద్దరం కలిసి అమ్మను తీసుకొద్దాం అంది. ఆ రోజు దేవపాలు సంతోషం పట్టలేక కనపడిన ప్రతివాడికీ చెప్పాడు.

చెప్పినవాడు అక్కడితో ఆగితే బాగుండేది. కోట చూసినవాళ్లకు మునిగిన ఊరు కూడా చూపిస్తానన్నాడు. గట్టుమీద ఆటో ఆపి, ఎండిన వేపచెట్టు కింద, తలాపున మూడు నాపరాళ్లు, అదే నా భార్య అని చెయ్యి చాచి చూపించేవాడు. తను మాత్రం కిందికి దిగేవాడు కాదు. కూతురు లేకుండా అక్కడ అడుగుపెట్టడానికి మనసొప్పలేదు. ఎవరో అతని మాటలు వీడియో తీసి ఫోన్లలో పెట్టారు. ఇక రోజూ కార్లే. పిల్లలు దిగి తిరిగొచ్చి, అంకుల్ ఏడిపించేశావు అనేవారు. పొగిడితే ఎవరికి చేదు? నిజం చెప్పాలంటే ఆ నెల దేవపాలు కొంచెం గర్వంగానే తిరిగాడు.

ఆ ఊళ్లో పేరు చెక్కించే స్తోమత ఒక్కరికీ లేదు. ప్రతి సమాధికీ తలవైపు మూడు నాపరాళ్లు పాతి, ఏటేటా సున్నం కొట్టేవారు. ఏవి ఎవరివో ఆ ఇంటివాళ్లకు తెలుసు, అంతే. నీళ్లలో సున్నం ఎప్పుడో పోయింది. ఒండ్రు పేరుకుని మట్టిదిబ్బలన్నీ చదునైపోయాయి. తెలియనివాళ్ల కళ్లకు అవి ఉత్త రాళ్లు.

ఈస్టరు ముందురోజు పొద్దున్నే ముగ్గురూ దిగారు: దేవపాలు, తల్లి కోసం తెల్లచీర తెచ్చిన సుజాత, గడ్డపారతో సంఘపెద్ద శాంసన్. మొన్నటిదాకా గట్టుమీంచి కనపడిన వేపచెట్టు లేదు. మిగిలిన మొదలు మీద గొడ్డలి గాట్లున్నాయి. శ్మశానం నిండా ఎక్కడపడితే అక్కడ పొయ్యిలు. మూడేసి నాపరాళ్లు, మధ్యలో బూడిద, చుట్టూ కోడిబొమికలు, సీసాలు. పాతిన చోట ఒక్క రాయీ లేదు. రాత్రుళ్లు వండుకుని తిన్నవాళ్లు వాటిని పెరికి తమ వీలుకొద్దీ పేర్చుకున్నారు.

చెట్టు మొదలును బట్టి దేవపాలు అడుగులు వేశాడు. ఒకచోట నిలబడి ఇక్కడే అన్నాడు. శాంసన్ గడ్డపార ఎత్తేసరికి, కాదు కాదు, అటుపక్క అన్నాడు. ఆ చెట్టు కింద ఇరవై కుటుంబాలవాళ్లు ఉన్నారు. ఎవరినో తీసుకుపోయి రెబెకా అనడానికి అతనికి నోరు రాలేదు.

"ఈ పొయ్యిలేంది నాయనా?" అంది సుజాత.

అతను దాచలేదు. "చూసేటోళ్లను నేనే పిల్చుకొచ్చినానమ్మా. రాళ్లు పెరుకుతారని అనుకోలా."

సుజాత చీరను గుండెకు పట్టుకునే ఉంది. మెల్లగా అంది: "ఊరోళ్లకంతా చూపిచ్చినావంట గదా. నాక్కూడా చూపీ నాయనా, అమ్మ యాడుందో."

దేవపాలు చెయ్యి లేవలేదు.

మర్నాడు తెల్లవారి కాలనీ శ్మశానంలో పాటలు మొదలయ్యేసరికి, రెబెకా కోసం అక్కడ ముందే తవ్వించి పెట్టిన ఖాళీ గుంతను అతను ఒక్కడే పూడుస్తున్నాడు.