డాక్టరుగారి నడుముకు రెండు వలలు

రోగికి పెట్టే వస్తువు ఏదైనా సరే, ముందు తాను పెట్టుకుని చూడందే సర్జన్‌గారికి తోచదు. కొత్త మెడపట్టీ వచ్చిన రోజు అది తగిలించుకునే రౌండ్సుకు వచ్చారు. ఎవరు పిలిచినా మనిషి మొత్తం తిరగాల్సి వచ్చింది. మెడ దెబ్బతిని, పట్టీ వద్దని మొండికేసిన ఒక అమ్మాయి ఆ సాయంత్రమే ఎందుకో కట్టించుకుంది. చంకకర్రలు వస్తే వాటితోనే క్యాంటీన్‌కు వెళ్లి, టీ ఏ చేత్తో పట్టుకోవాలో తెలియక నిలబడిపోయారు. ఆయన్ని ఇలాంటి చిక్కుల్లోంచి లాగడమే పెద్ద నర్సుకు అసలు ఉద్యోగమైపోయింది.

తర్వాత హెర్నియా మెష్‌ల వంతు వచ్చింది. గజ్జలో కండ బలహీనపడి పేగు పొడుచుకొచ్చే చోట లోపల ఆసరాగా పెట్టే వల అది. గడువు తీరిన రెండు ముక్కలు తీసుకుని నడుముకు ఎడమవైపు పలచనిది, కుడివైపు మందమైనది ప్లాస్టరుతో అంటించుకున్నారు. కూర్చుంటే కుడివైపు కరకర.

"ఒంటి మీద అంటించుకుంటే ఏం తెలుస్తుంది సార్? అది కండ కింద ఉండే సరుకు" అంది నర్సు.

"ఏమీ తెలీదమ్మా" అన్నారాయన నింపాదిగా.

మరెందుకని అడిగేలోపు ట్రంపెట్ వాయించే పెద్దాయన వచ్చాడు. ఊదినప్పుడల్లా గజ్జలో నిమ్మకాయంత ఉబ్బు. ఆలస్యం చేస్తే పేగు ఇరుక్కుని ప్రాణం మీదికి రావచ్చు. ట్రంపెట్ మానమంటే మానడు. ఆపరేషన్ బల్ల దాకా వచ్చి ఒకసారి పారిపోయాడు కూడా.

"పలచనిదే వెయ్యండి. మందమైనది వేస్తే లోపల అట్టముక్క పెట్టినట్టుంటుందట. మా బావమరిది చెప్పాడు."

"ఆయన వేయించుకున్నారా?" అన్నారు సర్జన్.

"లేదండీ. వాడిది కళ్లజోళ్ల దుకాణం."

సర్జన్ దాచకుండా చెప్పారు. పలచనిది మెత్తన, ఏదో అడ్డున్నట్టు అనిపించడం కొందరికి తక్కువ. కానీ ఇంత పెద్ద చిల్లులో అది ఉబ్బి, హెర్నియా మళ్లీ వచ్చే భయం కాస్త ఎక్కువ. మీకు మందమైనదే నయం. పెద్దాయన చూపు తలుపు మీదికి పోయింది.

సర్జన్ లేచి చొక్కా పైకెత్తారు. అటొక వల, ఇటొక వల, మధ్యలో బొజ్జ.

"పట్టుకుని చూడండి. పొద్దుట్నుంచీ గోక్కుంటున్నాను. లోపల ఎలా ఉంటుందో నాకూ తెలీదు. ఇద్దరం కలిసి భయపడదాం."

పెద్దాయన వేలితో ఇదీ అదీ తాకాడు. నవ్వు ఆగక గజ్జ పట్టుకుని కూలబడ్డాడు.

"నవ్వించకండి డాక్టరుగారూ, పేగు బయటికొచ్చేస్తుంది. ఆ కుడివైపుదే వెయ్యండి."

మెడ దెబ్బతిన్న అమ్మాయి పట్టీ కట్టించుకోవడానికి ఎందుకు ఒప్పుకుందో నర్సుకు అప్పుడు అర్థమైంది.

గాయం మాని, ఇక వాయించవచ్చన్న రోజు పెద్దాయన ఆసుపత్రి వరండాలోనే ట్రంపెట్ తీశాడు. కడుపులోంచి ఊదాడు. పై అంతస్తు కిటికీలన్నీ తెరుచుకున్నాయి. గజ్జలో ఉబ్బు ఊసే లేదు. వార్డులన్నీ చప్పట్లు కొడుతుంటే నర్సు సర్జన్ కోసం చూసింది.

ఆయన కొత్తగా వచ్చిన చక్రాల కుర్చీలో, గుమ్మం మధ్య అడ్డంగా ఇరుక్కుని ఉన్నారు.

"లాగుదువుగాని అమ్మా" అన్నారు చప్పట్లు ఆపకుండా, "ముందు పాట అవ్వనీ."