దీదీ ఫోనుకొచ్చిన కబురు

మా చిన్నదానికి ఉద్యోగం వచ్చిందండీ! సర్కారీ ఆస్పత్రిలో నర్సు. ఇదిగో, ముందే చెప్పేశాను. కానీ ఆ కబురు నా ఫోనుకి రాలేదు. నాలుగు రోజుల కిందట గుండె ఆగి పోయిన మా ఫారాల దీదీ ఫోనుకి వచ్చింది. ఆవిడ పోయిందన్న వార్త కూడా నాకు అదే నంబరు నుంచి, వాళ్ళాయన గొంతులో తెలిసింది. నిన్నటి నుంచీ నా పని వలలో చేపలా ఉంది. మా వీధి చివర వాళ్ళింటి ముందు కుర్చీలు ఇంకా ఎత్తలేదు. గట్టిగా నవ్వలేను. ఏడుద్దామంటే ఇంట్లో శుభం.

మా దీవిలో, అబర్డీన్ బజార్‌లో దీదీది ఓడ కేబిన్ అంత దుకాణం. ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, రెండు స్టూళ్ళు. పిల్లల ఆన్‌లైన్ ఫారాలు నింపడం ఆవిడ పని. నాకంటే చాలా చిన్నది, అయినా నాకూ దీదీయే. ఎవరొచ్చినా ముందు తెల్లకాగితం, పెన్సిలు చేతిలో పెట్టేది. అన్నీ రాయాలి, పైకి చదవాలి, ఒక్కోదానికీ ‘అవును’ అనాలి. అప్పుడు పక్కన టిక్కు పెట్టేది. “పరీక్షకంటే నీ పెన్సిలే కష్టం దీదీ” అని జనం ఎగతాళి చేసేవాళ్ళు. నేనూ చేశాను.

నేనూ పిల్లా ఆవిడ దుకాణానికి వెళ్ళిన రోజే ఫారానికి ఆఖరు. సాయంత్రం ఐదుకి మూసేస్తారు. నేనా, ఐదో క్లాసు చదివి, హార్బర్లో ఓడలకి తాళ్ళు కట్టి రిటైరైనవాణ్ణి. అయినా ముందురోజు పిల్ల క్లినిక్కులో పనికి వెళ్తే, దాన్ని సంబరపెడదామని నా ఫోన్లో నేనే ఆఖరి పేజీ తప్ప ఫారమంతా నింపేశాను. ఎక్కడా ఎర్రగా రాలేదు, అన్నీ పచ్చగానే వచ్చాయి. ఎంత పొంగిపోయానో!

“ఆఖరి పేజీ ఒక్కటే దీదీ, నొక్కేయ్” అన్నాను.

“చదువు భయ్యా.”

“టైం లేదమ్మా...”

“బస్, చాల్లే. కాగితం మీద రాసి చదువు.”

చదివాను. పేరు, అవును. పుట్టినరోజు, అవును. తండ్రి పేరు దగ్గర మా నాన్న పేరు చదివాను. ఫోను నాది, అడిగేది నన్నే కదా అనుకుని ఆయన పేరు రాసేశాను!

పిల్ల పకపకా నవ్వింది. “నాన్నా, ఈ లెక్కన నేను నీకు చెల్లెల్ని. రాఖీ కట్టేదా?”

దీదీ నవ్వలేదు. ఆ పేజీకి తాళం పడిపోయింది, దిద్దడానికి వీల్లేదు. కొత్తగా మొదలెడితే ‘ఈ నంబరు ఇప్పటికే వాడారు’ అని ఎర్రక్షరాలు. నాదీ పిల్లదీ రెండు నంబర్లూ పాత ఫారంలోనే ఇచ్చేశాను. మా ఆవిడకి ఫోనే లేదు. ముందుకి లేదు, వెనక్కి లేదు. బయట వాన, లోపల ఉక్క. గడియారం నాలుగున్నర. పిల్ల నవ్వు కూడా ఆగిపోయింది. దాని దారికి అడ్డంగా నేనే తాడు కట్టేశాను.

“ఆ పేరే ఉండనీ దీదీ. మిషనే ఒప్పుకుంది కదా” అని బతిమాలాను.

“మిషన్‌కి నువ్వు తెలుసా, మీ నాన్న తెలుసా? గడి నిండిందా లేదా, అంతే చూస్తాది. నిజమా కాదా మనం చూసుకోవాలి. రేపు సర్టిఫికెట్లు చూసేవాడు ఒప్పుకుంటాడా? ఎరుపు చూసి హడలిపోకు భయ్యా, పచ్చ చూసి పొంగిపోకు.”

రూల్సు కాగితం తీసి వేలు పెట్టి చదివింది. పూర్తికాని ఫారం లెక్కలోకి రాదు, కొత్తది వేసుకోవచ్చు. కబురు అందే నంబరు మాత్రం వేరేది కావాలి.

“నాది వేస్తాను” అంది.

“మరి అది అబద్ధం కాదా?” అన్నాను నేను, ఆవిడ మాటే పట్టుకుని.

“ఈ నంబరుకి కబురొస్తే నీ పిల్లకి అందుతాదా లేదా? అందుతాది. అవును అను.”

ఇద్దరం అవును అన్నాం. ఐదుకి నాలుగు నిమిషాలుండగా ఫారం వెళ్ళింది.

అక్కణ్ణుంచి మా పిల్ల కబుర్లన్నీ ఆవిడే మోసింది. హాల్ టికెట్ వచ్చిన రోజు మా గరాచర్మలో బస్సు దిగి, కూరల సంచితో సరాసరి మా గుమ్మంలోకి వచ్చింది. ఫోన్లోనే పంపొచ్చుగా అంటే, “నీ చేత చదివించొద్దూ?” అంది.

నిన్న వాళ్ళాయన వచ్చాడు. మైల కదా, గుమ్మం ఎక్కలేదు. వానలో గేటు దగ్గరే నిలబడి ఫోను చాపాడు. “చదువు భయ్యా” అన్నాడు. పిల్ల పేరు చదివాను. తండ్రి పేరు, నాదే. అవును అన్నాను. “ఈ ఫోను ఆపనులే. వేరే పరీక్షలు రాసిన ఇంకెంతమంది పిల్లల కబుర్లో ఇందులోకే రావాలి” అని, చొక్కాతో తడి తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ రోజు చదివిన కాగితం దాచుకున్నాను. దాని వెనకే ఇప్పుడు పెన్సిల్‌తో రాస్తున్నా, చెప్పాల్సినవాళ్ళని. చౌల్దారీలో పెద్దక్క. డిగ్లీపూర్ బావమరిది, ఉద్యోగం రాదని పందెం కాశాడు, వాడికి తప్పకుండా. విశాఖపట్నంలో మేనత్త, చెవుడు, అరవాలి. ఓడ మీదున్న పెద్దాడు, సిగ్నల్ దొరికాక. శ్రీకాకుళంలో చిన్నాన్న కొడుకులు. గోడ మీద ఫోటోలో మా నాన్న, ఒక పూట నా పిల్లకి తండ్రైనవాడు. అందరికంటే పైన దీదీ, కబురు ముందు అందింది ఆవిడ ఫోనుకే కదా. ఆ ఒక్క పేరు పక్కనే టిక్కు పెట్టాను.