రావు సారు టెమెరిటీ

చక్రధరరావు సారుకు ఒక్క ఇంగ్లీషు మాట పిచ్చి. ఎవరు ఏ సాహసం చేసినా చెయ్యి అడ్డం పెట్టి "టెమెరిటీ!" అంటడు. అంటే కన్నూమిన్నూ కానని తెగింపట. అది ఎక్కడ పుట్టిందో, ఎట్ల పెరిగిందో చెప్పిందాకా మనిషిని వదలడు.

కిరండూల్ గనిలో కొలువు అయిపోయినంక మా తర్లగూడలో ఉంటున్నడు. నేను చదివింది రెండో తరగతే. అయినా మనిషి నడక చూసి లోపలేముందో చెప్తా. ఈయన మీద మొదటి రోజే అనుమానం పడ్డ. నేను నాలుగో మిరపకాయ బజ్జీ అందుకుంటే "టెమెరిటీ అక్కగారూ!" అన్నడు.

"ఏంది, తిడుతున్నవా?"

"అబ్బే, లాటిన్ మాటండీ..."

బజ్జీ చల్లారిపోయింది.

ఇంకో అనుమానం. ఎండలో ఆ పాఠం బజ్జీ చల్లారేంతసేపే. వానలో మాత్రం గంట! వాన పడితే చాలు, వాగు మీది రపటా దగ్గర నిలబడతడు. రపటా అంటే నీళ్ళు పైనుంచి పోయే పొట్టి వంతెన. వచ్చిన బండినల్లా ఆపి పాఠం మొదలుపెడతడు. పక్కనే జోగే అనే ఆమె చాయ్ దుకాణం.

"బండ్లు ఆపుతున్నందుకు సారుకు కమీషన్ ఏమన్న ఇస్తున్నవానే?" అని జోగేను అడిగిన.

"ఆయనకు చాయే పడదమ్మా!" అని నవ్వింది.

అయితే ఇంకేదో ఉంది.

మొన్న వానల్లో అవతలి ఒడ్డున మా చెల్లెలు సీత గృహప్రవేశం. పాలు పొంగే వేళకు నేను లేకపోతే బతికినన్నాళ్ళు దెప్పుతది. నాగరాజు ఆటో ఎక్కిన. రపటా మీద ఎర్రనీళ్ళు పరుగెడుతున్నయి.

"పోనీయరా! మా నాయన ఎడ్లబండి మీద దాటిండు."

చెయ్యి అడ్డమొచ్చింది. "టెమెరిటీ!"

"తప్పుకో సారూ, అక్కడ పాలు పొంగుతయి!"

"అది ధైర్యం కాదు అక్కగారూ. లాటిన్లో 'తెమెరె' అంటే చూడకుండా, గుడ్డిగా అని. మన తమస్సుకు చుట్టం. చీకట్లో కాలెయ్యడం. నాగరాజూ, ఆ నీళ్ళ కింద రోడ్డు కనపడుతోందా?"

నాగరాజు తల గోక్కున్నడు. "తమస్సంటే ఏంది సార్?"

ఇంకేముంది! సారు వేదాలకాడికి పోయిండు. నేను తిట్లు అందుకున్న. అంతలో పైనుంచి ఓ మద్దిమొద్దు దొర్లుకుంటొచ్చి రపటాను గుద్దింది. నడిమి ముక్క కొట్టుకపోయింది. నా తిట్టు సగంలోనే ఆగింది.

ఆటో దిగి సారు కాడికి పోయిన. "ఇంత పురాణం ఎందుకు సారూ? 'ఆగు' అంటే అయిపోదా?"

"ఆగమంటే ఎవరాగారండీ? ఇంకా జోరుగా పోతారు. తెలియని మాటయితే తెలిసిందాకా నిలబడతారు. ఈలోపు నీళ్ళు తగ్గుతాయి."

సీత దెప్పుడు మొదలుపెట్టింది, అది వేరే సంగతి.

నా అనుమానం మాత్రం పోలేదు. ఇప్పుడు వానొస్తే గొడుగు పట్టుకుపోయి సారు పక్కనే నిలబడుతున్న. తడుస్తడని కాదు. ఏం చేస్తున్నడో కనిపెట్టొద్దా?